మాస్టారి నెగటివ్‌లు, కవర్ల మీద రాతలు: ఎవరికి ఏం గుర్తుందో ఇక్కడ రాయండి

చీకటిగది
ఫొటోలు తీసి, బొమ్మలు వేసిన మన మాస్టారు పోయి ఈ నెలతో ఏడాది. మద్రాసు వెస్ట్ మాంబళం ఇంట్లో మేడమీద గది వచ్చే నెలాఖరుకి ఖాళీ చేయాలి. అమ్మాయిగారు అడుగుతున్నవి మూడు. ఏది ఉంచాలి, ఎలా ఉంచాలి, ఫొటోల్లో ఉన్నవాళ్లు ఎవరో ఎవరు చెబుతారు. ఆదివారం తేలిన లెక్క ఇది:

35 ఎంఎం నెగటివ్‌లు 112 కవర్లు (కవరుకి ఆరేసి ఫ్రేముల ముక్కలు ఆరు, అంటే 4032 ఫ్రేములు). ‘120’ సైజు (వెడల్పు ఫిల్ము) రోల్స్ 74. చేత్తో రంగులద్దిన ప్రింట్లు 31. వారపత్రికలకి వేసిన బొమ్మల ఒరిజినల్స్ 260 దాకా. ఆయిల్ కాన్వాసులు 9. ఇవి కాక మూత తీస్తే ఘాటుగా కొట్టే బిస్కెట్ డబ్బా ఒకటి, దాన్నిండా పెద్ద సైజు నెగటివ్‌లు.

నివాళులకి ఈ ఫోరంలోనే వేరే దారం (చర్చ) ఉంది. ఇక్కడ ఆయన గురించి ఏది రాసినా ఆ గదిలో పనికి అక్కరకొచ్చేలా రాయండి. ఏ కవరు, ఏ ఫ్రేము, ఎవరు, ఎక్కడ, ఆ గుర్తుకి అర్థమేమిటి.

ఆర్కాట్ రోడ్డు
ముందు ఆ డబ్బా సంగతి. ఆ ఘాటు వెనిగర్ వాసనే అయ్యుంటుంది. ఎసిటేట్ ఫిల్ము విరిగి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లమే మిగతా ఫిల్మును ఇంకా తొందరగా విరగ్గొడుతుంది. మూత బిగించి ఉంచడమంటే దాని ఆవిరిలో దాన్నే ఉడకబెట్టడం. ఈ రోజే డబ్బాలోంచి తీసి, ఒక్కొక్కటీ కాగితం కవర్లో పెట్టి, మిగతా 112 కవర్లు ఉన్న గదిలో కాకుండా వేరేచోట పెట్టండి. ఎంత ముదిరిందో తెలియాలంటే ఎ-డి స్ట్రిప్స్ అని నీలం కాగితాలు వస్తాయి. ఫిల్ముతో పాటు మూసి ఒక రోజు ఉంచితే ఆమ్లాన్ని బట్టి ఆకుపచ్చకి, ఆ తరువాత పసుపుకి తిరుగుతాయి. పసుపుకి తిరిగినవాటిని ముందు కాపీ తీయాలి. వాటికి వరస కట్టే టైము లేదు.

వంకర తిరిగిన షీట్లని గాజుపలక కింద పెట్టి నొక్కకండి. బేస్ (ఫిల్ము అడుగు పలక) కుంచించుకుపోయి ఎమల్షన్ (దాని మీద బొమ్మ ఉన్న పొర) కాలవలు కట్టి ఉంటుంది, నొక్కితే పగులుతుంది.

మిగతా కవర్లలో ఒక్కదాని వరసా మార్చొద్దు. ఏ కవరు పక్కన ఏ కవరుందో అదే సగం సమాచారం. ముందు అరలను ఫోన్లో ఫొటో తీయండి, తరువాత కవరు మీద 2బి పెన్సిలుతో నంబరు వేయండి. నెగటివ్ లోపలుండగా రాయొద్దు, అచ్చు పడుతుంది. బాల్‌పెన్ను, స్కెచ్‌పెన్ను గదిలోకే తీసుకెళ్లొద్దు.

స్టిల్స్ 35
120 రోల్స్ కొన్నిటి మీద బూజు తెల్లగా సాలెగూడులా ఉంది. నీళ్లతో కడగొద్దు, బూజు తిన్న జెలటిన్ నీళ్లలో కరిగి బొమ్మే ఊడిపోతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మెత్తని దూది. అన్నీ రెండువైపులా ఒకసారి తుడిచేస్తే సరి.

రీటచ్ పెన్సిల్
ఆగండి బాబూ! నీళ్లు వద్దన్నంతవరకు ఒప్పుకుంటా. రెండువైపులా తుడవడం మాత్రం వద్దు.

మాస్టారు పోర్ట్రెయిట్ నెగటివ్‌లన్నిటికీ ఎమల్షన్ వైపు పెన్సిల్ పని చేసేవారు. నెగటివ్‌లో కళ్ల కింద నలుపు, ముడత, మొటిమ గుంట ఇవన్నీ పారదర్శకంగా ఉంటాయి. అక్కడ సన్నని గ్రాఫైట్ చుక్కలు, కామాలంత గీతలు పెడితే ప్రింటులో ముఖం నునుపుగా వస్తుంది. పెన్సిల్ పట్టడానికి ముందు రీటచింగ్ మీడియం అని జిగురులాంటిది పల్చగా రాస్తారు. ఆల్కహాలు తగిలితే ఆ మీడియం, దానితో పెన్సిల్ పని, రెండూ దూదిలోకి వచ్చేస్తాయి. అరగంట చేతిపని అరక్షణంలో పోతుంది. అక్కడ పోయేది ఫొటోగ్రాఫర్ పని కాదు, చిత్రకారుడి పని. ఆయన రెండూ ఒకే ఫిల్ము మీద చేశారు.

స్టిల్స్ 35
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పెన్సిల్ ఉందో లేదో కనిపెట్టడమెలా?

రీటచ్ పెన్సిల్
టేబుల్ ల్యాంపు కింద నెగటివ్‌ని పక్కకి వంచి చూడండి. వెనకనుంచి వెలుగు పెట్టి చూస్తే తెలియదు. పక్కవాటంగా చూసినప్పుడు ముఖం ఉన్నచోట మాత్రం సీసంలా చిన్న మెరుపు కనబడితే అది పెన్సిలే. మెరిసే వైపు, అంటే బేస్ వైపు, ఎర్రటి పూత ఉంటే అది ఆకాశాన్నో వెనక గోడనో తెల్లగా రప్పించడానికి పూసిన ఓపేక్, వెలుగుని ఆపే రంగు. మరక కాదు, దాన్నీ కదపొద్దు. ఈ రెండూ లేని ఫ్రేముల మీద, బూజున్న చోట మాత్రమే, మొదట బేస్ వైపు. ఒక దూది ఉండ ఒక్కసారికే, అదే దూదితో రెండో ఫ్రేము తుడిస్తే బూజు అటు అంటుతుంది. అనుమానమొస్తే ముందు కాపీ తీయండి, శుభ్రం తరువాత చూద్దాం.

తారామణి పాతకాగితం
నిలవ గురించి మద్రాసు వాళ్లం కొంచెం వేరుగా ఆలోచించాలి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు లేస్తుంది, మనకి ఏడాదిలో చాలా రోజులు అంతకన్నా ఎక్కువే. ప్లాస్టిక్ కవర్లంటే అందరికీ ఇష్టం, బొమ్మ పైకి కనబడుతుంది కాబట్టి. కానీ ఈ తేమలో ఎమల్షన్ ప్లాస్టిక్‌కి అతుక్కుని అద్దంలా మెరిసే మచ్చలు పడతాయి. పీవీసీ అయితే అసలే వద్దు. ఆమ్లం లేని కాగితం కవర్లే మేలు.

కవర్లని బిగువు మూత ఉన్న డబ్బాలో, ఫిల్ముకి తగలకుండా గుడ్డసంచిలో సిలికా జెల్ పెట్టి, లోపల చిన్న హైగ్రోమీటరు (తేమ కొలిచేది) వేసి ఉంచండి. 40 శాతం దగ్గర ఆగితే బాగు, 30 కిందికి పోతే ఫిల్ము పెళుసెక్కుతుంది. నారింజ రంగు జెల్ పచ్చబడిందంటే ఇక తేమ పీల్చదు. ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది.

వెనిగర్ పట్టినవాటిని కాపీ తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి, చలిలో ఆ విరగడం నెమ్మదిస్తుంది. ముందు నాలుగు రోజులు జెల్‌తో ఆరనిచ్చి, గాలి పిండి, రెండు జిప్ సంచుల్లో పెట్టాలి. తడిగాలితో మూసి పెడితే లోపల నీరు కడుతుంది. బయటికి తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా, కనీసం ఆరు గంటలు, సంచి విప్పొద్దు.

నాఫ్తలీన్ ఉండలు ఎవరో అప్పుడే అరల్లో వేశారట. తీసేయండి. చెద భయమైతే బీరువాని గోడకి జానెడు ఎడంగా, నేలకి ఎత్తులో పెట్టండి, చాలు.

చీకటిగది
ఉండలు తీసేశాం. రెండు చిక్కుముళ్లు. తలుపు లోపలివైపు సుద్దతో 2-100-5-2 అని ఉంది, ఫోన్ నంబరు ముక్కేమో తెలియదు. రెండోది కవర్ల మీద రాతలు. మచ్చుకి కవరు 61:

24/7½
17: 8 / 14 / గ్రే 3 / ఆ+6 / ము−2 / కు.అం+3

ఆర్కాట్ రోడ్డు
2-100-5-2 ఫోన్ నంబరు కాదండీ, డి-76 డెవలపర్, ఫిల్ము మీద బొమ్మని తేల్చే మందు! లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ఆయన డబ్బా పొడి కొనేవారు కాదు, తూచి కలుపుకునేవారు. 50 డిగ్రీల వేడినీళ్లు ముప్పావు లీటరు. అందులో చిటికెడు సల్ఫైట్, దాని వెంట మెటాల్, కరిగాక మిగతా సల్ఫైట్, ఆ తరువాత వరసగా మిగతా రెండూ, చివర చన్నీళ్లతో లీటరు చేయడం. సల్ఫైట్ మొత్తం ముందే పోస్తే మెటాల్ కరగక తెల్లగా తేలుతుంది. చిటికెడు కూడా వేయకపోతే మెటాల్ గాలికి పాడై నీళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. ఆ తలుపు కూడా ఫొటో తీసి పెట్టండి.

24/7½ అంటే 24 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. పుస్తకాల్లో 20 డిగ్రీలు అంటారు, ఇక్కడ కుళాయి నీళ్లే 30 ఉంటే ఐసు వేసి 20కి దింపినా కడిగే నీళ్లు మళ్లీ 30. డెవలపర్‌కి, కడిగే నీళ్లకి మధ్య అంత తేడా ఉంటే ఎమల్షన్ చర్మంలా ముడతలు పడుతుంది. అందుకని 24 దగ్గర పెట్టుకుని, టైము తగ్గించి, హైపోని (తేలిన బొమ్మని నిలిపే మందు), నీళ్లని కూడా ఆ దగ్గరికే తెచ్చేవారు. కవరు మీద 24/11 ఉంటే అది పుష్ చేసిన, అంటే ఎక్కువసేపు డెవలప్ చేసిన రోలు. తక్కువ వెలుగులో, 400 ఫిల్మును 800గానో 1600గానో వాడినది. అలాంటి కవర్లలో సభలు, నాటకాలు, మేకప్ గదులు ఉంటాయని వెతుక్కోండి.

రీటచ్ పెన్సిల్
రెండో లైను ప్రింటు వంట. 17వ ఫ్రేము, ఎన్‌లార్జర్ లెన్సు ఎఫ్ 8, మొత్తం కాగితానికి 14 సెకన్లు, మూడో గ్రేడు కాగితం. ఆ+6 అంటే ఆకాశానికి ఇంకో 6 సెకన్లు, అట్టముక్కలో చిల్లు పెట్టి వెలుగు అక్కడే పడేలా. ముఖానికి 2 సెకన్లు తక్కువ, తీగ చివర నల్లకాగితం గుండ్రంగా కత్తిరించి నీడ పట్టడం. కు.అం అంటే కుడి అంచు. ఆ కాగితం, అట్ట కదులుతూనే ఉండాలి, ఆగితే ముఖం చుట్టూ వెలుగు గీత పడి దొంగతనం బయటపడుతుంది.

ఈ లైను ఉన్న ప్రతి ఫ్రేమూ ఆయన స్వయంగా ఎంచి, నచ్చి, ప్రింటు వేసినది. 4032లో, అనుకుంటున్న ప్రదర్శనకి ఏవి పెట్టాలని మీరు కొట్టుకోనక్కర్లేదు, ఆయనే చెప్పి వెళ్లారు. నీలం పెన్సిల్ ఇంటూ ఉన్నవి ప్రింటు అయిపోయినవి.

నీలాంగరై పిక్సెల్
ఆ సెకన్లని కంప్యూటర్లో వాడుకోవచ్చు. ఆకాశానికి 14 బదులు 20, అంటే సుమారు అర స్టాపు ఎక్కువ (వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు). ముఖానికి 14 బదులు 12, పావు స్టాపు కన్నా కొంచెం తక్కువ. కానీ మూడో గ్రేడు కాగితం తేడాని పెంచి చూపిస్తుంది కాబట్టి అంకెని గుడ్డిగా వేయకండి, పాత ప్రింటు పక్కన పెట్టుకుని కంటితో సరిచూడండి.

కాపీ పద్ధతి: 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 1:1 మాక్రో లెన్సు, కాపీ స్టాండు, సీఆర్ఐ (వెలుగు నాణ్యత అంకె) 95 దాటిన ఎల్ఈడీ పలక. 36 మిల్లీమీటర్ల ఫ్రేముకి 6000 పిక్సెళ్లు, అంగుళానికి 4200 పైన పడుతుంది, ఆ ఫిల్ములో ఉన్నదంతా వచ్చేస్తుంది. 120 నెగటివ్ 56 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్క షాటులో 1800 మాత్రమే వస్తుంది. ఆయన గుర్తుపెట్టిన వాటిని ముక్కలుగా తీసి అతికిద్దాం.

తప్పులెక్కువ జరిగేది కెమెరా వాలు దగ్గర. పలక మీద చిన్న అద్దం పెట్టి, వ్యూఫైండర్లో లెన్సు ప్రతిబింబం సరిగ్గా నడిమధ్యకి వచ్చేదాకా కెమెరాని సర్దండి. అది తప్పితే ఒక మూల గ్రెయిన్ (ఫిల్ము రేణువులు) కనబడి ఇంకో మూల మసకగా ఉంటుంది. నెగటివ్ చుట్టూ నల్లకాగితంతో కప్పండి, గదిలో లైటు ఆర్పండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రా ఫైలు. రోలు మొత్తానికి ఒకటే ఎక్స్‌పోజరు, ఆటో వద్దు. ఎమల్షన్ వైపు లెన్సుకి పెట్టి తరువాత తిప్పుకుందాం. అంచు మీద అక్షరాలు మామూలుగా చదవగలుగుతున్నారంటే మెరిసే వైపు మీకు ఉన్నట్టు, తిరగేయండి.

ఇద్దరు కూర్చుంటే గంటకి 150 ఫ్రేములు, అంటే 27 గంటల పని. 16 బిట్ నలుపు తెలుపు టిఫ్ ఒక్కోటి 48 ఎంబీ, మొత్తం 200 జీబీ లోపే. మూడు కాపీలు, ఒకటి ఊరి బయట. 2015 డిసెంబరులో అడయారు వరద వచ్చినప్పుడు ఒకే ఇంట్లో రెండు కాపీలున్నా రెండూ నీళ్లలోకే పోయేవి. ఫైలు పేరు 061_17 అని అంకెల్లోనే, తెలుగు వివరాలన్నీ మెటాడేటాలో.

టి.నగర్ 17
ముఖాలు మసగ్గా ఉన్నవాటిని యాప్‌లో పెట్టి పదును చేసి, రంగులేస్తే ప్రదర్శనలో కొత్తవాళ్లకి కూడా నచ్చుతాయి కదా?

రీటచ్ పెన్సిల్
ఆ యాప్ కన్ను, ముక్కు, పళ్లవరస తనే గీస్తుంది. దాన్ని చూపించి ‘ఎవరో చెప్పండి’ అంటే ఎనభై ఏళ్ల స్నేహితుడు ఎవరి పేరు చెప్పాలి? గుర్తుపట్టే పని పూర్తయ్యేదాకా ఆ ఊసెత్తొద్దు. ఆ తరువాత కూడా నా ఓటు పడదు. రంగులు కావాలంటే ఆయన చేత్తో అద్దినవి 31 ఉన్నాయి. వాటిలో చెంప మీద ఎరుపు ఎంత పల్చగా ఉందో చూడండి, వెదురుపుల్ల చివర దూది చుట్టి పారదర్శకమైన ఆయిల్ రంగుని అద్ది, మళ్లీ శుభ్రమైన దూదితో దాదాపు అంతా తీసేసేవారు. మిగిలిందే రంగు. మ్యాట్ కాగితం మీదే చేసేవారు, గ్లాసీ మీద ఆయిల్ పట్టదు. వాటిని తడిగుడ్డతో తుడవొద్దు, ఎండ తగలనీయొద్దు. గాజు పటాలు కట్టినవాటిలో రెండిట్లో ప్రింటు గాజుకి అతుక్కుపోయి ఉంది, లాగకండి, గాజుతో సహా కాపీ తీయండి.

తారామణి పాతకాగితం
జ్ఞాపకాలు రాబట్టే పద్ధతి కూడా చెప్పుకోవాలి. ఈ ఫోరంలో ‘అది 1972’ అని ముగ్గురు రాస్తే మూడు కారణాలు ఉండవు, మొదటివాళ్లు రాసింది చూసి మిగతా ఇద్దరికీ గుర్తొస్తుంది. కాబట్టి ఒక్కొక్కరిని విడిగా కలవండి. ఒకసారికి ఒకే కాంటాక్ట్ షీటు (రోలులోని ఫ్రేములన్నీ చిన్నగా వేసిన కాగితం), 40 నిమిషాలకి మించొద్దు. రికార్డరు ఆన్ చేసి కవరు నంబరు, ఫ్రేము నంబరు పైకి చదవండి, లేకపోతే తరువాత వింటే ‘ఇదిగో ఈయన’ అన్న గొంతు తప్ప ఏమీ మిగలదు. ‘ఈయన ఫలానా కదా’ అని అడగొద్దు. ‘ఎడమనుంచి చెప్పండి’ అనండి. ఫ్యాను కట్టేయండి. ప్రతి పేరు పక్కన ఎవరు చెప్పారు, ఖాయంగానా అనుమానంగానా, తేదీ రాయండి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ ఉంచండి.

ఏళ్ల సంగతి ఫొటో నేపథ్యమే చెబుతుంది. మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ భవనం ఉంటే 1959 ఆ తరువాత. జెమిని దగ్గర ఫ్లైఓవర్ ఉంటే 1973 తరువాత. దుకాణం బోర్డు మీద ‘మద్రాస్-17’ కాక 600017 అని ఉంటే 1972 ఆగస్టు 15 తరువాత, పిన్‌కోడ్ వచ్చింది అప్పుడే. కారు నంబరు టీఎన్ 01 తరహాలో ఉంటే 1989 తరువాత. ఇవన్నీ ‘ఇంతకుముందు కాదు’ అని మాత్రమే చెబుతాయి. బోర్డు మీద మద్రాస్ అని ఉన్నంతమాత్రాన 1996కి ముందుదని కాదు, చాలామంది బోర్డులు మార్చనే లేదు. ఫిల్ము అంచు మీద 5063 ఉంటే కొడాక్ వాళ్ల ట్రై-ఎక్స్ ఫిల్ము, 5062 ఉంటే ప్లస్-ఎక్స్.

బొమ్మలబడి
వారపత్రికల ఒరిజినల్స్‌ని ఎవరూ పట్టించుకోవడం లేదు. వాటి మీద లేత నీలం పెన్సిల్ గీతలు, అంకెలు ఉంటాయి, రబ్బరుతో చెరిపేయకండి. బ్లాకు కెమెరాలో వాడే లిత్ ఫిల్ముకి నీలం కనబడదు, అందుకే సూచనలన్నీ నీలంలో రాసేవారు. ‘24 ఎం’ అంటే అచ్చులో 24 ఎంల (అచ్చుపని కొలత) వెడల్పు, నాలుగు అంగుళాలు. ఒరిజినల్ దానికి ఒకటిన్నర రెట్లు పెద్దగా వేసేవారు, తగ్గించినప్పుడు గీత బిగుస్తుంది. ఇండియన్ ఇంకు మీద తెల్ల పోస్టర్ రంగు దిద్దుబాట్లు తేమకి పొక్కులు లేస్తాయి, ఒకదానిమీద ఒకటి బరువు పెట్టకండి. రబ్బరు సొల్యూషన్‌తో అతికించిన అక్షరాలు ఊడి ఉంటే అదే బొమ్మతో కవర్లో వేయండి, సెల్లోటేపుతో అతికించొద్దు.

కాన్వాసులు చట్రం మీదే ఉండనివ్వండి. చుట్టక తప్పదంటే రంగు బయటివైపుకి, జానెడు వ్యాసం గొట్టం మీద. లోపలికి చుడితే రంగు నలిగి పగులుతుంది.

నీలాంగరై పిక్సెల్
హక్కుల మాట ముందే తేల్చుకోండి. ఫొటోకి కూడా ఇప్పుడు తీసినవారి జీవితం, పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు. 2012 సవరణతో ఫొటోలకి విడిగా ఉన్న సెక్షన్ తీసేశారు. వీధుల్లో తనకోసం తీసుకున్నవి వారసులవి. డబ్బిచ్చి తీయించుకున్న పోర్ట్రెయిట్లు, కంపెనీలు డబ్బిచ్చి తీయించుకున్న సినిమా స్టిల్స్, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లవి. నెగటివ్ చేతిలో ఉన్నంతమాత్రాన హక్కు రాదు. గ్రీమ్స్ రోడ్డు లలిత కళా అకాడమీలో ప్రదర్శన అనుకుంటున్నారు కాబట్టి ఈ మూడింటిని ఇప్పుడే విడదీసుకోండి.

చీకటిగది
ఇంకో ముడి. 23, 24, 31 కవర్ల మీద ‘మూ.మా.’ అని ఉంది. ముగ్గురిని అడిగితే ముగ్గురూ ఎవరో మనిషి పొడి అక్షరాలన్నారు, ‘మూర్తి మామయ్య’ అని ఒకరు. అమ్మాయిగారు అంచనాగా 1987 అని వేశారు.

ఆర్కాట్ రోడ్డు
ఫ్రేముల్లో ఏముంది?

చీకటిగది
ఎర్ర ఇటుక కమాన్లు, నేలమీద పరిచిన పుస్తకాలు, పంజరాల్లో పావురాలు. 31లో ఒక ముసలాయన కళ్లజోళ్లు వరసగా పేరుస్తున్నాడు. మామయ్యలా ఉన్నవాళ్లు ఎవరూ లేరు.

ఆర్కాట్ రోడ్డు
మామయ్య కాదు, మూర్ మార్కెట్. సెంట్రల్ స్టేషన్ పక్కన. 1985 మే 30న కాలిపోయింది, కాబట్టి 1987 కుదరదు. ఆ మూడు కవర్లలో 24/11 అని ఎక్కడైనా ఉందా? లోపలి వరసల్లో వెలుతురు తక్కువ.

చీకటిగది
31 మీద ఉంది. 9వ ఫ్రేముకి ప్రింటు లైను కూడా ఉంది: 8 / 19 / గ్రే 2 / చే−3. ‘చే’ అంటే చేతులేమో, కళ్లజోళ్ల ముసలాయనవి. మూడింటినీ 1985 మే 30కి ముందుకి జరిపి పక్కన ‘ఆర్కాట్ రోడ్డు గారు చెప్పినది, ఖాయం’ అని రాశాను. ఆదివారం ఉదయం 9కి మేడమీద. అద్దం ముక్క, నల్లకాగితం, 2బి పెన్సిళ్లు తెండి. దూది ఎవరూ తేవద్దు.